ఆషాఢం గాలిలో కలుపు మందు కొట్టేముందు

మా చిత్తూరు సైడు జూన్, జూలైలో పదును వాన పడితే చెనక్కాయ (వేరుశనగ) విత్తనం పడుతుంది. వెనకాలే గలిజేరు, గంగపాయల, ఉత్తరేణి లేస్తాయి. గట్టున వయ్యారిభామ సరేసరి. ఇవన్నీ వెడల్పాకు కలుపు. చిక్కేమిటంటే చెనక్కాయ, టమోటా, వంగ కూడా వెడల్పాకు మొక్కలే. వెడల్పాకు కలుపును చంపే మందు 2,4-డి. గడ్డిజాతిది కాబట్టి చెరకు దాన్ని తట్టుకుంటుంది, వీటికి మాత్రం విషం.

ఒకసారి చెరకులో 2,4-డి కొట్టిన ట్యాంకును రెండుసార్లు తొలిపి, దాంతోనే టమోటాకు పురుగు మందు కొట్టాను. కొన్నాళ్లకే చిగుళ్లు మెలితిరిగాయి, ఆకులు సన్నగా సాగిపోయాయి. వైరస్ అనుకుని ఇంకో మందు కూడా కొన్నాను, అదొక దండగ! అప్పటి నుంచి 2,4-డికి వేరే ట్యాంకు. ఎర్ర రంగు పూసి పెట్టాను, ఎవరడిగినా ఇవ్వను. కడిగిన నీళ్లు కాలువలోనో బావి దగ్గరో పోయకండి.

ఆషాఢంలో మనకు పడమటి గాలి బలంగా వీస్తుంది. మీ చెరకుకు తూర్పున ఎవరిదైనా టమోటా ఉంటే ఆ రోజు 2,4-డి జోలికి పోవద్దు. 2,4-డిలోనే ఎస్టర్ అనే రకమైతే ఎండకు ఆవిరై కూడా పక్క చేనికి పోతుంది. గాలి తగ్గిన రోజు చూసి, నాజిల్ కిందికి దించి, పెద్ద చుక్కలు పడేలా కొట్టాలి. పక్క చేను వాళ్లకు ముందు రోజే ఒక మాట చెబితే తర్వాత గొడవలుండవు.

ఇక చెనక్కాయకు. విత్తిన ఒకటి రెండు రోజుల్లో, కలుపు మొలవకముందే ఆపే పెండిమిథాలిన్ 30 శాతం మందు ఎకరాకు లీటరు నుంచి 1.3 లీటర్లు, 200 లీటర్ల నీళ్లలో. నేలలో తేమ లేకపోతే డబ్బు మట్టిపాలే. వెనక్కి నడుస్తూ కొట్టండి, మందు పడిన చోట తొక్కకూడదు. 200 లీటర్లంటే 16 లీటర్ల ట్యాంకులు పన్నెండున్నర. చాలామంది ఆరేడు ట్యాంకులతో ముగించి, మందు పనిచేయలేదని అంగడివాడిని తిడతారు.

అది తప్పిపోతే విత్తిన 20 రోజులప్పుడు, మొలిచిన కలుపు మీద కొట్టే ఇమాజితాపిర్ 10 శాతం మందు ఎకరాకు 300 మిల్లీలీటర్లు, అంటే ట్యాంకుకు 24. కలుపు రెండు మూడు ఆకుల మీదున్నప్పుడే ఇది పనిచేస్తుంది. ముదిరిన గలిజేరుకు రెట్టింపు డోసు పోస్తే కలుపు చావకపోగా పంట దెబ్బతింటుంది. ఆ దశ దాటితే కూలోళ్లను పెట్టి పీకించడమే. ఈ మందు ప్రభావం నేలలో కొన్నాళ్లుంటుంది కాబట్టి, తర్వాత ఏ పంట వేయొచ్చో డబ్బా మీది కాగితంలో చదివి వేయండి.

వయ్యారిభామను పూతకు రాకముందే, చేతులకు గ్లౌజులు వేసుకుని, నేల తడిగా ఉన్నప్పుడు వేరుతో సహా పీకాలి. దాని పుప్పొడికి కొందరికి ఆయాసం వస్తుంది, ఒళ్లంతా దురద. పూసినదాన్ని మాత్రం పేడదిబ్బలో వేయకండి. ఒక్కో మొక్కకు వేల విత్తనాలు, ఎరువుతో పాటు మీరే చేనంతా చల్లినట్టవుతుంది.