గోల చేసే పాత గిటార్ పెడల్‌ను బాగుచేయడం ఎలా?

పెడల్ అంటే గిటార్‌కూ ఆంప్లిఫయర్‌కూ మధ్య ఉండి శబ్దాన్ని మార్చే చిన్న పెట్టె. పాత పెడల్ గోల మొదలుపెట్టగానే చాలామంది మూత విప్పి, లోపలున్న కండెన్సర్లన్నీ (కెపాసిటర్లు) పీకేసి కొత్తవి వేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ పెడల్ పలికే తీరంతా ఆ పాత భాగాల్లోనే ఉంది. గోలకు కారణం మాత్రం సాధారణంగా ఒకటో రెండో భాగాలే. అవేవో ముందు చెవితో పట్టుకోవాలి, సోల్డరింగ్ ఐరన్ సంగతి తర్వాత.

మొదట పెడల్‌ను పక్కన పెట్టి, గిటార్‌ను నేరుగా ఆంప్లిఫయర్‌కు కలపండి. గోల అలాగే ఉంటే తప్పు పెడల్‌ది కాదు. పెడల్ పెట్టాకే వస్తుంటే, అడాప్టర్ తీసేసి కొత్త 9 వోల్టుల బ్యాటరీతో వాయించి చూడండి. 'గుయ్' మనే మోత పోయిందా? అయితే లోపం అడాప్టర్‌లోనో, పెడల్ లోపల కరెంటును వడకట్టే ఎలక్ట్రొలిటిక్ కండెన్సర్‌లోనో ఉంది. ఈ కండెన్సర్లు ఏళ్లు గడిచేకొద్దీ లోపల ఎండిపోతాయి. పాత పెడల్‌లో నిస్సంకోచంగా మార్చదగ్గ భాగం ఏదైనా ఉందంటే అదే.

ఇక్కడే ఒక జాగ్రత్త. గిటార్ శబ్దాన్ని గరగరలాడించే పెడల్స్‌ను ఫజ్ అంటారు. వాటిలో 1966లో వచ్చిన ఫజ్ ఫేస్ తొలి పెడల్స్‌లో పీఎన్‌పీ రకం జర్మేనియం ట్రాన్సిస్టర్లు ఉండేవి, గ్రౌండ్‌కు (సర్క్యూట్ అంతటికీ ఉమ్మడిగా ఉండే తీగకు) కలిసేది ప్లస్. అలాంటిదాన్ని మైనస్ గ్రౌండ్ ఉన్న మామూలు పెడల్స్‌తో కలిపి ఒకే అడాప్టర్‌కు తగిలిస్తే సప్లయి షార్ట్ అవుతుంది. దానికి బ్యాటరీయే మేలు.

బ్యాటరీ మీదా గోల పోలేదంటే అది ఎలాంటి శబ్దమో వినండి. ఎడతెగని 'బుస్' అయితే ట్రాన్సిస్టరో, రెసిస్టరో, ఐసీయో కావచ్చు. కానీ ఫజ్, డిస్టార్షన్ పెడల్స్‌కు కొంత బుస సహజం, గెయిన్ (సిగ్నల్‌ను ఎంత పెంచాలో చెప్పే నాబ్) పెంచితే అదీ పెరుగుతుంది. దాన్ని జబ్బు అనుకోవద్దు. ఉండుండి చిటపటలాడితే డ్రై సోల్డర్‌నో (సరిగా అతుక్కోని సోల్డర్ అతుకు), మురికి పట్టిన జాక్‌నో అనుమానించండి. ఆన్‌లో ఉంచి, సన్నటి చెక్కపుల్లతో భాగాలను ఒక్కొక్కటే మెల్లగా తట్టండి. ఎక్కడ తడితే శబ్దం ఎగిరిపడిందో అక్కడి అతుకును మళ్లీ సోల్డర్ చేస్తే చాలు.

నాబ్ తిప్పితే కరకరమంటోందా? నాబ్ కింద తిరిగే భాగమైన పాట్‌లోకి (పొటెన్షియోమీటర్) కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా కొట్టి, ఇరవై ముప్పై సార్లు అటూ ఇటూ తిప్పండి. ఎక్కువసార్లు దీంతోనే పోతుంది. నా దగ్గరున్న ఒక పాత ఫజ్‌కు మాత్రం పోలేదు. రెండుసార్లు కడిగినా వాల్యూమ్ తిప్పితే ఇసుక నలిగినట్టే వినిపించేది. చివరికి మల్టీమీటర్‌ను డీసీ వోల్టేజీలో (బ్యాటరీ ఇచ్చేలాంటి నేరు కరెంటు) పెట్టి ఆ పాట్ కాళ్ల మీద చూస్తే వోల్టు పైనే చూపించింది. అక్కడ సున్నా ఉండాలి. ముందున్న కండెన్సర్ డీసీని ఆపలేక లీక్ చేస్తోందన్నమాట. ఆ ఒక్కటీ మార్చాను. పాట్ ఇప్పటికీ పాతదే, నిశ్శబ్దంగా తిరుగుతోంది. కడిగినా వదలని కరకర కనిపిస్తే ఈ కొలత తప్పక చూడండి.

ఇంకా దొరకలేదంటే ఆడియో ప్రోబ్ చేసుకోండి. పనికిరాని గిటార్ కేబుల్ ఒకటి తీసుకుని ఒక కొస కత్తిరించండి. పైనున్న జల్లెడ తీగకు క్లిప్ బిగించి పెడల్ గ్రౌండ్‌కు పట్టించండి. లోపలి తీగకు 0.1 మైక్రోఫారడ్ కండెన్సర్ అతికించి, దాని రెండో కాలిని ప్రోబ్‌గా వాడండి. రెండో కొస ఆంప్లిఫయర్‌లోకి, వాల్యూమ్ బాగా తగ్గించి. ఇన్‌పుట్ జాక్ దగ్గర మొదలుపెట్టి, సిగ్నల్ నడిచే దారిలో ఒక్కో చోటా తాకిస్తూ వెళ్లండి. గోల మొదటిసారి ఎక్కడ వినిపిస్తుందో, దొంగ ఆ చుట్టుపక్కలే ఉంటాడు.

మార్చే ముందు ఫోటో తీసుకోండి. ఐరన్ 350 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచి, రెండు మూడు సెకన్లకు మించి ఆనించకండి. పాత బోర్డుల రాగి పట్టీలు వేడికి ఇట్టే లేచివస్తాయి. జర్మేనియం ట్రాన్సిస్టర్ అయితే కాలిని ముక్కుపటకారుతో పట్టుకోండి, వేడి ట్రాన్సిస్టర్‌కు బదులు ఆ పటకారులోకి వెళ్తుంది. ఎలక్ట్రొలిటిక్ కండెన్సర్‌కు ప్లస్, మైనస్ తారుమారు కాకూడదు. 9 వోల్టుల పెడల్‌కు 16 లేదా 25 వోల్టులు తట్టుకునే కండెన్సర్ వేయండి. తీసిన భాగాన్ని చిన్న కవర్లో వేసి పెడల్‌తోపాటే దాచండి. బాస్ (Boss) కంపెనీ సీఈ-1 పెడల్‌లాగా నేరుగా గోడ ప్లగ్‌కు పెట్టేవైతే, ప్లగ్ పీకకుండా మూత ముట్టవద్దు. అనుభవం లేకపోతే అలాంటివి తెలిసినవాళ్లకే అప్పగించండి.

మూత బిగించాక గోల మళ్లీ వచ్చిందంటే ఖంగారు పడకండి. రేకు మూత సోల్డర్ మొనలకు తగులుతుండవచ్చు, తీగ ఏదైనా నలిగి ఉండవచ్చు. అడుగున ఇన్సులేషన్ కాగితం ఉండేది తిరిగి పెట్టారో లేదో చూడండి.