కింగ్ కౌంటీలో స్థలం కొనేముందు ఒక పార పట్టుకెళ్ళండి

మాది కైకలూరు దగ్గర పల్లెటూరు. కొల్లేటి ఒడ్డున పెరిగినవాళ్ళకి ‘అయిదో కాంటూరు’ అంటే, సరస్సు హద్దుగా ఎత్తును బట్టి గీసిన గీత అంటే, ఏంటో చెప్పక్కర్లేదు. 2006లో ఆ గీత లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేసిన రోజుల్లో మా ఇంట్లో వేరే మాటే లేదు. అలాంటి నేను అమెరికా వచ్చి, వాషింగ్టన్ రాష్ట్రం కింగ్ కౌంటీలో, డువాల్ అనే ఊరు దాటాక అయిదెకరాలు కొని, అందులో చట్టం కాపాడే చిత్తడి నేల (వెట్‌ల్యాండ్) ఉందని కనిపెట్టలేకపోయాను. కారణం ఒక్కటే. ఆగస్టులో చూశాను. ఇక్కడ వానలు అక్టోబరు నుంచి వసంతం దాకా. ఆగస్టులో అంతా క్రికెట్ గ్రౌండులా ఉంటుంది.

కొల్లేటికి ఎత్తును బట్టి గీత గీశారు. ఇక్కడ గీత మట్టిని బట్టి, మొక్కని బట్టి, నీటిని బట్టి గీస్తారు. మొక్కలు ఎదిగే కాలంలో వరసగా 14 రోజులు, నేలకి 12 అంగుళాల లోతు లోపు నీరుంటే నీటి షరతు తీరినట్టే. పైన తడి కనిపించాల్సిన పనే లేదు. అందుకే పార తీసుకెళ్ళమంటున్నాను, అమ్మేవాళ్ళని అడిగే తవ్వండి. మూరెడు లోతులో మట్టి బూడిద రంగులో ఉండి, మధ్యమధ్య తుప్పు మరకలుంటే ఆగండి. మా గోతిలో మట్టిని వీడియో కాల్‌లో చూపిస్తే మా నాన్న ఒక్క క్షణంలో చెప్పేశారు, ‘ఇది ఊటభూమి రా. తవ్వి చూడకుండా ఎవడైనా పొలం కొంటాడా?’ అప్పటికే రిజిస్ట్రేషన్ అయిపోయింది.

కౌంటీ వాళ్ళ ఆన్‌లైన్ మ్యాపు ‘ఐమ్యాప్‌’లో చూశాను, అక్కడేం లేదు అనకండి. నేనూ అదే అన్నాను. ఆ మ్యాపులో అన్ని చిత్తడి నేలలూ ఉండవు. స్థలం హక్కుల వివరాలుండే టైటిల్ రిపోర్టులో ‘క్రిటికల్ ఏరియా’ (కాపాడాల్సిన ప్రాంతం) అన్న నోటీసు ఏమైనా రికార్డయిందేమో కూడా చూడండి. అది లేదంటే నేల మంచిదని కాదు, ఇంతవరకూ ఎవరూ పర్మిట్ అడగలేదని కావచ్చు.

రూలు ఎవరిదో తెలుసుకోవడం తర్వాతి పని. రాష్ట్రంలో 1990లో వచ్చిన గ్రోత్ మేనేజ్‌మెంట్ చట్టం ప్రకారం ఇలాంటి నేలల్ని కాపాడే నిబంధనలు ప్రతి కౌంటీ, ప్రతి సిటీ సొంతంగా రాసుకోవాలి. కాబట్టి సమామిష్ సిటీలో ఇల్లు కట్టిన స్నేహితుడి సలహా డువాల్ బయట పనికిరాదు. సిటీ హద్దులో లేకపోతే కౌంటీ పర్మిటింగ్ ఆఫీసుకే వెళ్ళాలి. 2023లో అమెరికా సుప్రీంకోర్టు శాకెట్ కేసు తీర్పు తర్వాత చిత్తడి నేలల మీద కేంద్రం పరిధి తగ్గింది కదా అని మన వాట్సాప్ గ్రూపుల్లో చాలామంది సంబరపడ్డారు. కేంద్రం వదిలేసినదాన్ని ఇక్కడ రాష్ట్రం, కౌంటీ వదల్లేదు.

తర్వాత వెట్‌ల్యాండ్ నిపుణుణ్ణి పెట్టుకోవాలి. వాళ్ళు జెండాలు పాతి హద్దు గుర్తిస్తారు, రాష్ట్ర ఎకాలజీ శాఖ పద్ధతిలో మార్కులు వేస్తారు. 9 నుంచి 27 దాకా ఉంటాయి. ఎక్కువ మార్కులొస్తే మనకి ఎక్కువ కష్టం. మాకు 17 వచ్చాయి, అంటే మూడో కేటగిరీ. హద్దు చుట్టూ వదలాల్సిన బఫర్ కూడా ఈ కేటగిరీని బట్టి మారుతుంది.

ఇక్కడే నేను చేసిన పెద్ద తప్పు చెప్పాలి. ‘ఎంత కట్టాలో చెప్పండి, కట్టేస్తాను’ అని కౌంటీ ఆఫీసు కౌంటర్లో ఉన్నావిడని అడిగాను. ఆవిడ నవ్వలేదు. పాడుచేసి డబ్బు కట్టడం చివరి మెట్టు. ముందు తప్పించుకునే దారి లేదని చూపించాలి, తర్వాత నష్టాన్ని వీలైనంత తగ్గించాలి. అప్పటికీ మిగిలినదానికే పరిహారం.

ఆ పరిహారం లెక్క చూశాక తప్పించుకోవడమే మేలనిపిస్తుంది. మా మొదటి ప్లానులో ఇంటికెళ్ళే దారి 20 అడుగుల వెడల్పున, 60 అడుగుల దూరం చిత్తడిలోంచి పోయేది. అంటే 1,200 చదరపు అడుగులు. ఎకాలజీ శాఖ మార్గదర్శకాల్లో మూడో కేటగిరీకి కొత్తగా చిత్తడి నేల తయారుచేస్తే రెండింతలు, అంటే 2,400. ఉన్నదాన్నే మెరుగుపరిస్తే ఎనిమిదింతలు, 9,600! మన స్థలంలో చేయలేకపోతే చిత్తడి నేలలు ముందే తయారుచేసి అమ్మకానికి పెట్టే ‘మిటిగేషన్ బ్యాంకు’లో క్రెడిట్లు కొనొచ్చు, లేదా కౌంటీ ‘మిటిగేషన్ రిజర్వ్స్’ పథకానికి ఫీజు కడితే వాళ్ళే మరోచోట పని చేయిస్తారు. కేంద్రం 2008 రూలు కూడా బ్యాంకుకి మొదటి స్థానం, ఈ ఫీజుకి రెండో స్థానం ఇచ్చింది. సొంతంగా చేసేది ఆ తర్వాతే. చిన్న ముక్కలుగా ఎవరి పెరట్లో వాళ్ళు చేస్తే చాలావరకు నిలబడవని ఆ రూలు పెట్టినవాళ్ళ అనుభవం.

మేం ఇంటిని రోడ్డు వైపుకి జరిపేశాం. వెనకాల కొండ కనబడే కిటికీ పోయిందని మా ఆవిడకి ఇప్పటికీ బాధే. కానీ చిత్తడి నేల ముట్టుకోలేదు, బఫర్ అంచులో మాత్రం కొంచెం ఇంటికి పోయింది. దానికి బదులు మొక్కలు నాటాం, అయిదేళ్ళు కాపాడతామని హామీ సొమ్ము కట్టాం.

నాటేటప్పుడు కొన్ని గుర్తుంచుకోండి. విల్లో, రెడ్ ఓజియర్ డాగ్‌వుడ్ కొమ్మల్ని మన మునగ కొమ్మలా నేరుగా పాతేయొచ్చు, కానీ ఆకు లేని చలికాలంలోనే పాతాలి. వేసవిలో మొదటి రెండేళ్ళు నీళ్ళు పోయాలి. హిమాలయన్ బ్లాక్‌బెర్రీ ముళ్ళకంప, రీడ్ కెనరీ గడ్డి మళ్ళీ లేస్తూనే ఉంటాయి, ఫలానా శాతం దాటకూడదని మొక్కలు నాటే ప్లానులోనే రాసి ఉంటుంది. జింకలు తినకుండా ప్రతి మొక్కకీ గొట్టం తొడగండి. నేను మొదటి ఏడు తొడగలేదు, సీడర్ మొక్కల్లో సగం తినేశాయి. మళ్ళీ కొన్నాను.

కౌంటీకి ఏటా ఇచ్చే నివేదికలో ఫొటోలు పెట్టాలి. ఒకే చోట నిలబడి, ఒకే వైపుకి తియ్యాలి కాబట్టి మొదటి రోజే నాలుగు మేకులు పాతి, వాటికి ఎర్ర రంగు వేసుకోండి. గడ్డి పెరిగాక వెతుక్కోవాలంటే చుక్కలు కనిపిస్తాయి.