నది ఒడ్డు పార్కుకి వెళ్లే ముందు జాగ్రత్తలు

సెలవు రోజు సాయంత్రం ఊరంతా అక్కడే ఉంటుంది. ప్రశాంతంగా తిరగాలంటే పొద్దున్నే వెళ్లండి.

అన్నిటికంటే ముఖ్యం నీళ్లు. ఎగువన వాన పడినా, డ్యామ్ గేట్లు ఎత్తినా, ఇక్కడ ఎండ కాస్తుండగానే నది పెరగొచ్చు. నీళ్లు ఉన్నట్టుండి బురద రంగుకి తిరిగినా, పుల్లలు, ఆకులు కొట్టుకొస్తున్నా వెంటనే పైకి వచ్చేయండి. సైరన్ వినబడితే ఫోటో కోసం కూడా ఆగొద్దు.

మెట్ల మీద పచ్చటి పాచి ఉంటే దిగొద్దు. పైకి ఆరినట్టే కనిపిస్తుంది, కాలు పెడితే జర్రున జారుతుంది.

చిన్నపిల్లల చేయి అస్సలు వదలకండి. మోకాలి లోతు ప్రవాహం పెద్దవాళ్లనే పడేస్తుంది. ఎవరైనా నీళ్లలో పడితే వెనకే దూకకండి. కేకలేసి మనుషుల్ని పిలవండి, తాడో పొడవాటి కర్రో అందించండి.

మంచినీళ్లు, దోమల క్రీమ్, చెత్తకి ఒక సంచి మర్చిపోవద్దు.