బొటనవేలి మొదలు కీలు అరిగితే చేయాల్సిన వ్యాయామాలు

సీసా మూత తిప్పబోతే బొటనవేలి మొదట్లో కలుక్కుమంటుంది. కుక్కర్ మూత తీసినా, తాళం తిప్పినా, బట్టలు పిండినా అదే చోట. ఎక్స్‌రే తీయిస్తే రిపోర్టులో ‘ఫస్ట్ సీఎంసీ జాయింట్ ఓఏ’ అని ఉంటుంది. మణికట్టు దగ్గర ట్రపీజియం అనే చిన్న ఎముక ఉంది. బొటనవేలి ఎముక దాని మీద కూర్చునే చోట కీలు అరిగిందని ఆ మాటకు అర్థం. ముట్లు ఆగిపోయిన ఆడవాళ్లలో ఇది ఎక్కువ.

ఇక ఇంట్లో ఎవరో ఒకరు స్మైలీ బంతి కొనుక్కొచ్చి, పొద్దునా సాయంత్రం పిసకమంటారు. వేరే చోట్ల పనికొస్తే రావచ్చు గానీ, ఈ కీలుకు మాత్రం ఆ బంతి చేటే. ఎందుకో తెలిస్తే కింద చెప్పే వ్యాయామాలన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

ఈ కీలు గుర్రపు జీను ఆకారంలో ఉంటుంది. ఒక జీను మీద ఇంకో జీనును అడ్డంగా బోర్లించినట్టు. అందుకే బొటనవేలు అన్ని వైపులకూ తిరుగుతుంది. కానీ దాన్ని గట్టిగా పట్టి ఉంచే గుంట ఎముకలో లేదు. ఎముకలను కలిపి కట్టే లిగమెంట్లు, కండరాలే దాన్ని పట్టి ఉంచాలి. వేళ్ల కొసల మధ్య ఒక కిలో బలంతో దేన్నైనా పట్టుకుంటే, మొదలు కీలు మీద సుమారు 12 కిలోల ఒత్తిడి పడుతుంది. లిగమెంట్లు సాగినప్పుడు ఆ ఒత్తిడికి ఎముక మొదలు జీను మీంచి బయటికి జారుతుంది. మణికట్టు పక్కన కొందరికి కనిపించే బొడిపె అదే.

బొటనవేలిని అరచేతి వైపు లాగే కండరం పేరు అడక్టర్. నొప్పి మొదలైతే అది బిగుసుకుపోతుంది. బొటనవేలికి, చూపుడు వేలికి మధ్య సందు కుంచించుకుపోతుంది. ఇక గ్లాసు పట్టుకోవాలంటే మొదలు కీలు తెరుచుకోదు గనక నడిమి కీలు వెనక్కి విరుచుకుంటుంది. బంతి పిసికితే బలపడేది సరిగ్గా ఈ అడక్టరే, అంటే ఎముకను పక్కకు లాగుతున్న కండరమే. మనకు కావాల్సింది దాన్ని వదులు చేయడం, ఎదురుగా ఉన్నవాటిని బలపరచడం.

ముందు ఒక సందేహం తీర్చుకోండి

నొప్పి నిజంగా ఈ కీలుదేనా? బొటనవేలి ఎముక మీదుగా వేలితో తడుముతూ మణికట్టు వైపు రండి. మణికట్టు మడతకు కొంచెం ముందు, ఎముక ముగిసే గుంటలో నొక్కితే ప్రాణం జివ్వుమంటే ఇదే కావచ్చు. బొటనవేలిని పిడికిట్లో దాచి, చేతిని చిటికెన వేలి వైపు వంచినప్పుడు మణికట్టు పక్కన మంట పుడితే అది స్నాయువు తొడుగు వాపు కావచ్చు. దాని దారి వేరు. అరచేతి వైపు టక్కుమని పట్టేసి వదిలితే ట్రిగ్గర్ థంబ్. రాత్రిళ్లు బొటన, చూపుడు, నడిమి వేళ్లు తిమ్మిరెక్కుతుంటే నరం నొక్కుకుపోతోందేమో చూపించుకోవాలి. రెండు చేతుల కణుపులూ వాచి, పొద్దున లేచాక గంటసేపు బిగుసుకుపోయి ఉంటే అది అరుగుదల కాకపోవచ్చు, రక్తపరీక్షలు అవసరం. చికున్‌గున్యా తర్వాత వచ్చిన కీళ్లనొప్పి కూడా వేరే లెక్క. కీలు ఎర్రబడి, కాలిపోతూ, జ్వరం కూడా ఉంటే వ్యాయామం మాట పక్కన పెట్టి అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లండి.

కీలులో ఎముకల కొసలను కప్పే నున్నటి పొర మృదులాస్థి. అరిగిన ఆ పొర వ్యాయామంతో తిరిగి రాదు. నొప్పి తగ్గుతుంది, పట్టు నిలుస్తుంది. ఎక్స్‌రేలో బాగా అరిగినట్టు కనిపించినా నొప్పి అంతగా లేనివాళ్లున్నారు, కొంచెమే అరిగి విలవిల్లాడేవాళ్లూ ఉన్నారు. కాబట్టి ఫిల్మ్ చూసి నీరుగారిపోనక్కర్లేదు.

మొదటి రెండు వారాలు: వదులు చేయడం, ఆకారం నేర్చుకోవడం

గోరువెచ్చని నీళ్ల గిన్నెలో చేయి అయిదు నుంచి పది నిమిషాలు ఉంచండి. షుగరు వల్ల స్పర్శ తగ్గినవాళ్లు నీటి వేడిని ఇంట్లో ఇంకొకరితో చూపించుకోవాలి. ఆసుపత్రిలో పెట్టే మైనం కాపడం బాగుంటుంది గానీ, ఇంట్లో కొవ్వొత్తులు కరిగించి చేయకండి. ఆ మైనం ఎక్కువ వేడి దగ్గర కరుగుతుంది, చర్మం కాలుతుంది.

తర్వాత అడక్టర్‌ను వదులు చేయాలి. నొప్పి ఉన్న చేతిని ఒళ్లో పెట్టుకోండి. రెండో చేతి బొటనవేలిని సందుకు పైవైపు, చూపుడు వేలిని అరచేతి వైపు పెట్టి మధ్యలోని మెత్తటి కండను పట్టుకోండి. గట్టిగా, తాడులా తగిలే చోటు దొరుకుతుంది. అక్కడ ఓర్చుకోగలిగినంతే నొక్కి, 30 సెకన్ల నుంచి నిమిషం దాకా ఆగండి. రుద్దక్కర్లేదు. కాసేపటికి వేళ్ల కింద అది మెత్తబడటం తెలుస్తుంది. అలా రెండు మూడు చోట్ల చేస్తే చాలు. రెండు బొటనవేళ్లూ నొప్పే అయితే ఈ నొక్కుడుతో రెండోది పాడవుతుంది. అప్పుడు స్ప్రింగు వదులైన బట్టల క్లిప్పు తీసుకుని, కండ మీద గుడ్డ మడత వేసి నిమిషం పాటు తగిలించండి. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు, స్పర్శ లేనివాళ్లు క్లిప్పు జోలికి పోవద్దు.

సందు సాగదీసేటప్పుడు చాలామంది బొటనవేలి కొస పట్టుకుని గుంజుతారు. అలా చేస్తే సాగేది నడిమి కీలే, అప్పటికే వెనక్కి విరుచుకుపోతున్నది. మొదలు కీలు అలాగే ఉంటుంది. కొసను ముట్టుకోకుండా, అరచేతికి ఆనుకుని ఉన్న ఎముకను పట్టుకుని మెల్లగా తెరవాలి. అంతకన్నా తేలిక మార్గం లావుపాటి నీళ్ల సీసా. ఖాళీ సీసాను అడ్డంగా పట్టుకుని సందును దానికి ఆనించి, అరచేయి మొత్తం చుట్టుకునేలా 30 సెకన్లు ఉంచండి. మూడు సార్లు.

ఇప్పుడు ఆకారం. చేతిని చిటికెన వేలి అంచు మీద బల్లపై నిలబెట్టండి, ఎవరికో చేయి ఇవ్వబోతున్నట్టు. బొటనవేలిని చూపుడు వేలి ముందుకు, అరచేతికి దూరంగా తీసుకురండి. స్టీలు గ్లాసు పట్టుకోబోతున్న చేయిలా ఉండాలి. కదలిక మొదట్లోంచి రావాలి, మూడు కీళ్లూ కొద్దిగా వంగి ఉండాలి. అయిదు సెకన్లు ఆగి వదలండి. పది సార్లు. కొస మాత్రం పైకి లేచి మొదలు కదలకపోతే వేరే కండరం పనిచేస్తోందని అర్థం. అప్పుడు రెండో చేతి వేలిని మొదటి ఎముక మీద ఆనించి, ఎటు కదలాలో దానికి చూపించండి.

ఆ తర్వాత సున్నా. బొటనవేలి కొసను చూపుడు వేలి కొసకు ఆనించి గుండ్రంగా సున్నా చుట్టండి. అద్దం ముందో, ఫోన్ కెమెరా ఎదుటో పక్కనుంచి చూసుకోండి. నడిమి కీలు లోపలికి కుంగి గోరు దగ్గరి కీలు మడతపడితే, అది సున్నా కాదు, నలిగిన డబ్బా. ఒత్తిడి తగ్గించి మళ్లీ చుట్టండి. తాకీ తాకనట్టు ఆనించినా చాలు, గుండ్రం చెడకూడదు. ఇలాగే నడిమి వేలు, ఉంగరపు వేలు. చిటికెన వేలి మొదలు దాకా బొటనవేలిని బలవంతంగా లాక్కెళ్లే పందెం మానేయండి, ఆ భంగిమలో మొదలు కీలు మీద ఒత్తిడి పెరుగుతుంది. ఒక్కో వేలికి అయిదేసి సార్లు.

నీళ్లలో చేయి ఉంచే సమయం పక్కన పెడితే ఇదంతా పది నిమిషాల పని. రోజుకు రెండు పూటలా చేయండి.

మూడో వారం నుంచి: బలం

బొటనవేలి ఎముకను తిరిగి జీను మీదికి లాగేది సందుకు పైవైపు ఉన్న కండరం. దాన్ని పనిచేయించేది బొటనవేలు కాదు, చూపుడు వేలు. అందుకే నొప్పి ఉన్న కీలును కదపకుండానే ఈ వ్యాయామం చేసుకోవచ్చు.

అరచేతిని బల్ల మీద బోర్లా పెట్టండి. బొటనవేలు తేలిగ్గా గుండ్రంగా ఉండనివ్వండి. రెండో చేతి వేలిని చూపుడు వేలికి బొటనవేలి వైపున, నడిమి కణుపు దగ్గర అడ్డం పెట్టండి. ఇప్పుడు చూపుడు వేలిని బొటనవేలి వైపు తోయండి, అడ్డం పెట్టిన వేలు కదలనివ్వదు. అయిదు సెకన్లు, పది సార్లు. సందు పైభాగంలో కండ ఉబ్బి గట్టిపడాలి, తాకి చూడండి. ఉబ్బకుండా బొటనవేలే అరచేతి వైపు బిగుసుకుంటుంటే మీరు ఎక్కువ బలం పెడుతున్నట్టు. సగానికి తగ్గించండి. వారం పది రోజులకు అలవాటయ్యాక, పూలపొట్లానికి చుట్టే సన్న రబ్బరు బ్యాండు చూపుడు, నడిమి వేళ్లకు కలిపి తొడిగి, చూపుడు వేలిని పక్కకు తెరవండి. రోజుకు ఒకసారి పది చొప్పున రెండు విడతలు చాలు.

రెండోది కదలిక లేకుండా బలం పెట్టడం. గ్లాసు పట్టే ఆకారంలో చేయి ఉంచి, రెండో చేతి వేలిని బొటనవేలి మొదటి ఎముక మీద ఆనించండి. కొస మీద కాదు. బొటనవేలు బయటికి తోస్తుంది, వేలు ఆపుతుంది. అయిదు సెకన్లు. తర్వాత అదే ఎముకను లోపలి వైపు నుంచి ఆపండి. బలం మీకున్న దాంట్లో మూడో వంతు మించనక్కర్లేదు.

అయిదో వారం వచ్చేసరికి సున్నాకు కొంచెం బరువు జోడించవచ్చు. గిన్నెలు తోమే మెత్తటి స్పాంజి ముక్కను బొటనవేలి మెత్తకు, చూపుడు వేలి మెత్తకు మధ్య పెట్టి కొంచెం అణచండి. నడిమి కీలు ఎక్కడ కుంగుతుందో అక్కడ ఆపాలి. ఇవాళ్టికి మీ హద్దు అదే. బొటనవేలికీ మిగతా వేళ్లకూ కలిపి రబ్బరు బ్యాండు తొడిగి తెరిచే వ్యాయామం వీడియోల్లో చాలా కనిపిస్తుంది. బ్యాండు గోరు దగ్గర ఉంటే వేలు వెనక్కి విరుస్తుంది. చేయాలనుకుంటే నడిమి కీలుకు కిందుగా తొడగండి.

నొప్పి కొలత ఇలా పెట్టుకోండి. పదికి రెండు మూడు దాకా ఉన్న నొప్పి, సాయంత్రానికి సర్దుకునేదైతే ఫర్వాలేదు. మర్నాడు పొద్దున కూడా ఎక్కువగా ఉంటే సంఖ్య సగం చేయండి, మానేయకండి. బొటనవేలి మొదట్లో సూది పొడిచినట్టు ఉంటే ఆ వ్యాయామం ఆ రోజుకు వద్దు. తేడా కనపడటానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. రెండు వారాలకు తగ్గలేదని వదిలేసేవాళ్లే ఎక్కువ.

మిగతా రోజంతా

ఇరవై నిమిషాలు వ్యాయామం చేసి, మిగతా రోజంతా కీలును నలిపితే లాభం లేదు. బట్టలు మెలితిప్పి పిండే బదులు కుళాయికి చుట్టి, రెండు కొసలూ కలిపి అరచేతులతో తిప్పండి. సీసా మూతకు తడిగుడ్డ వేసి, వేళ్లతో కాకుండా అరచేతిని మొత్తం ఆనించి తిప్పండి. పట్టకారుతో బరువైన గిన్నె దించడం ఈ కీలుకు పెద్ద శిక్ష, రెండు చేతులా మసిగుడ్డలు వాడటం మేలు. సన్నటి గరిటె పిడికి, పెన్నుకు స్పాంజి గొట్టం తొడిగితే పట్టు తేలికవుతుంది. ముగ్గు రెండు వేళ్ల మధ్యనుంచి సన్నగా వదలడం చూడ్డానికి ఏమంత బరువు పని కాదనిపిస్తుంది, కానీ అర గంట సేపు ఆగకుండా అదే పట్టు. ముగ్గు గొట్టమో జల్లెడో వాడుకోండి. మునగాకు దూయడం, గోంగూర ఒలవడం, చిక్కుడు ఈనెలు తీయడం, పూలు కట్టడం పావుగంటకోసారి ఆపాలి. ఫోన్‌ను చేతిలో పట్టుకుని బొటనవేలితో కొట్టే బదులు, బల్ల మీద పెట్టి చూపుడు వేలితో కొట్టండి, లేదంటే మాటతో రాయించండి.

పాడి ఉన్న ఇళ్లలో బొటనవేలు లోపలికి మడిచి పితికే అలవాటు కనిపిస్తుంది. పొదుగు చన్నుకూ మంచిది కాదు, ఈ కీలుకూ మంచిది కాదు. పిడికిలి మొత్తంతో పితకాలి. నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టేవాళ్లకు ఆకు మడిచే ప్రతిసారీ ఇదే పట్టు. వాళ్లు గంటకోసారి సున్నా చుట్టడం, సందు నొక్కడం రెండూ పని మధ్యలోనే చేసుకోవచ్చు, ప్రత్యేకంగా టైము చూసుకోనక్కర్లేదు.

బొటనవేలిని కదలకుండా పట్టి ఉంచే స్ప్లింట్ (పట్టీ) కోసం మెడికల్ షాపులో ‘థంబ్ స్పైకా’ అడిగితే మణికట్టును కూడా కప్పే పొడుగుది ఇస్తారు. ఈ కీలుకు సాధారణంగా చేతి మీదే ఆగే పొట్టిది చాలు. తొడిగాక బొటనవేలు గ్లాసు పట్టుకునే ఆకారంలో ఉండాలి. పక్కకు చదునుగా లాగేస్తే అది మీది కాదు. గోరు దగ్గరి కీలు కదలాలి. బరువు పనికి, నొప్పి ఎక్కువ ఉన్న రాత్రిళ్లకు తొడగండి, వ్యాయామానికి తీసేయండి. నాలుగు రోజులు తొడిగి పక్కన పడేస్తే ప్రయోజనం ఉండదు, కనీసం మూడు నెలలైనా వాడి చూడాలి. నొప్పి మీద డైక్లోఫెనాక్ జెల్ రాసుకోవచ్చు. మాత్రల జోలికి వెళ్లే ముందు కడుపు, కిడ్నీ, బీపీ సంగతి డాక్టరుకు చెప్పండి.

మధ్యలో ఒక్కోసారి నొప్పి ఉన్నట్టుండి ఎగదన్నుతుంది, పండగ పనుల తర్వాత మరీను. రెండు మూడు రోజులు బలం వ్యాయామాలు ఆపి, స్ప్లింట్ తొడిగి, గోరువెచ్చని నీళ్లు, సందు నొక్కడం, తేలికైన సున్నా ఈ మూడే చేయండి. నొప్పి మామూలుకు వచ్చాక బలాన్ని పాత సంఖ్యలో సగంతో మళ్లీ మొదలుపెట్టండి. మూడు నెలలు పద్ధతిగా చేసినా పట్టు తగ్గిపోతూ, రాత్రి నిద్ర చెడుతుంటే చేతి సర్జన్‌కు చూపించాలి. ఇంజెక్షనా, ఆ చిన్న ఎముకను తీసేసే ఆపరేషనా అన్న మాట అప్పుడు వస్తుంది. ఆపరేషన్ అయ్యాక కూడా సందు తెరవడం, సున్నా చుట్టడం మళ్లీ నేర్పిస్తారు.