సిరోంచా తెలుగులో ‘యాది’: అర్థం, పుట్టుక తేల్చుకునే పద్ధతి

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో సిరోంచా వైపు తెలుగిళ్లల్లో జ్ఞాపకానికి రోజూ వాడే మాట ‘యాది’. దాన్ని పదకోశానికి ఎక్కించాలనుకునేవాళ్లు ‘యాది అంటే ఏంది?’ అని మాత్రం అడగొద్దు. ‘గుర్తు’ అని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకుంటారు, పని అక్కడే చెడుతుంది. మరిచిపోయిన పేరు, దూరాన ఉన్న చుట్టం, అంగట్ల తేవాల్సిన సరుకు, వీటి మీద మాట కదపండి. వాక్యాలు వాటంతటవే వస్తాయి: ‘పేరు యాదికత్తలేదు’, ‘అత్త నిన్ను యాది చేసింది’, ‘మందులు తెచ్చుడు యాదుంచుకో’. విన్నది విన్నట్టే రాసుకోవాలి. ‘యాదికత్తలేదు’ను ‘గుర్తుకు రావడం లేదు’ అని దిద్దితే సేకరించిన ఫలితమే ఉండదు. క్రియ మారితే అర్థమూ మారుతుంది: యాదికి వచ్చుడు తట్టడం, యాది చేసుడు తలుచుకోవడం, యాదుంచుకునుడు మనసులో పెట్టుకోవడం.

తర్వాత ‘యాది’ ఉన్నచోట ‘గుర్తు’ పెట్టి చూడండి. ‘పేరు గుర్తుకు రాలేదు’ నిలుస్తుంది. ‘మనిషిని గుర్తుపట్టిండు’ అన్నదాంట్లో మాత్రం ‘యాదిపట్టిండు’ కుదరదు. ఎందుకంటే గుర్తుకు మూలార్థం ఆనవాలు. దాని పాత రూపం గుఱుతు, ‘గుఱి’తో చుట్టరికమున్న ద్రావిడ పదం. ‘జ్ఞాపకం’ సంస్కృతంలో ‘తెలియజేసేది’. జ్ఞప్తి అన్న అర్థం తెలుగు, కన్నడ, తమిళాల్లో స్థిరపడింది. ‘యాది’ పారసీ ‘యాద్’ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. పాత దస్తావేజుల్లోని ‘యాదాస్తు’ (జ్ఞాపకానికి రాసుకున్న కాగితం) దీని చుట్టమే. యాదగిరిలోని ‘యాద’ వేరు. స్థలపురాణం దాన్ని యాదర్షితో ముడిపెడుతుంది.

అసలు చిక్కు లిపి దగ్గర వస్తుంది. మరాఠీ బడిలో చదివిన పిల్లలు తెలుగు మాటలనూ దేవనాగరిలో రాస్తారు. మరాఠీ రాతలో పదం చివరి ఇకారం సాధారణంగా దీర్ఘమే, కాబట్టి మన ‘యాది’ కాగితం మీద ‘యాదీ’ అయిపోతుంది. మరాఠీలో ‘యాదీ’ అంటే జాబితా. ‘మతదార్ యాదీ’ ఓటర్ల జాబితా. రెండూ ఒకే పారసీ మూలానివే అయినా అర్థాలు విడిపోయాయి. జ్ఞాపకానికి మరాఠీలో మామూలు మాట ‘ఆఠవణ్’. అందుకే దేవనాగరిలో రాసిచ్చిన మాటను చెప్పినవాళ్ల చేత ఒకసారి పలికించి, ఫోన్‌లో రికార్డు చేయాలి. ‘యాదిల పేరున్నది’ అన్న వాక్యం ఒంటరిగా దొరికితే మరీ జాగ్రత్త: జ్ఞాపకమూ కావచ్చు, జాబితా కూడా కావచ్చు. ముందు వాక్యం, వెనక వాక్యం కలిపి రాసుకుంటేనే తేలుతుంది.

సరిచూసుకోవడానికి నిఘంటువుల్లో తెలుగుకు బ్రౌన్, మరాఠీకి మోల్స్‌వర్త్ 1857 కూర్పు, ఉర్దూకు ప్లాట్స్ 1884, ద్రావిడ మూలాలకు బరో–ఎమెనో 1984 కూర్పు చాలు. నాలుగూ షికాగో విశ్వవిద్యాలయం సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. పదకోశంలో ముందు పూర్తి వాక్యం, తర్వాత ఊరు, చెప్పినవాళ్ల వయసు, చదివిన మాధ్యమం రాయండి. అర్థం వాటి తర్వాత, వ్యుత్పత్తి అన్నిటికన్నా చివర.