1911 నాటి బ్రిటన్ సెన్సస్ ఫారంలో ఆడవాళ్ల పని ఎలా వెతకాలి

భార్య పేరు పక్కన వృత్తి గడి ఖాళీగా ఉందని "ఈవిడ పనేమీ చేయలేదు" అని రాసేసుకోకండి. నేనూ మొదట్లో అలాగే రాసుకున్నాను. పూర్తిగా ఇంటిపనిలోనే ఉండే భార్యకీ కూతురికీ ఆ గడి వదిలేయమని ఫారం మీదే అచ్చువేశారు. పైగా దాన్ని నింపేది ఇంటి యజమాని, అంటే ఎక్కువగా భర్తే. వారానికి రెండు రోజులు ఆవిడ ఊరివాళ్ల బట్టలు ఉతికి తెచ్చే డబ్బు ఆయన లెక్కలో పని కాకపోవచ్చు.

నన్నడిగితే ఫారాన్ని కిందనుంచి పైకి చదవడం మేలు. పనిమనుషుల పేర్లు సాధారణంగా కుటుంబం తర్వాతే వస్తాయి. ఒక్క "జనరల్ సర్వెంట్" మాత్రమే ఉండి, ఆ పిల్లకి పదిహేనో పదహారో ఉంటే అది బహుశా గుమాస్తాదో చిన్న షాపువాడిదో ఇల్లు, పొద్దున్నే పొయ్యి రాజెయ్యడం నుంచి రాత్రి గిన్నెలు తోమేదాకా అన్నీ ఆ పిల్ల నెత్తినే. వంటమనిషి వేరు, హౌస్‌మెయిడ్ (గదులు శుభ్రం చేసేది) వేరు, పార్లర్‌మెయిడ్ (వడ్డన, అతిథుల సంగతి చూసేది) వేరు అంటే మాత్రం బాగా డబ్బున్నవాళ్లే. అసలు అప్పట్లో ఆడవాళ్లు అన్నిటికన్నా ఎక్కువగా చేసిన ఉద్యోగం ఇళ్లల్లో పనే.

తర్వాత గదులు లెక్కచూడండి (వంటగది లెక్కలోకొస్తుంది, బాత్రూం రాదు), దాంతోపాటు పెళ్లైన ఆడవాళ్ల గడులు కూడా: పెళ్లై ఎన్నేళ్లు, ఎంతమంది పుట్టారు, ఎంతమంది ఉన్నారు, ఎంతమంది పోయారు. రెండు గదులు, తొమ్మిదిమంది పుట్టి ఐదుగురు మిగిలారు, భర్త రోజుకూలీ, ఆవిడ గడి ఖాళీ. ఇలాంటిది కనిపిస్తే అక్కడ ఆగండి, గడిలో రాయని సంపాదన ఆవిడకి ఏదో ఉండి ఉండొచ్చు.

ఊరు కూడా ముఖ్యమే. నూలుమిల్లుల ఊళ్లైన బ్లాక్‌బర్న్, బర్న్‌లీలలో పెళ్లైనవాళ్లు కూడా మిల్లుల్లో నేసేవాళ్లు, అందుకే ఆ పని గడిలో కనిపిస్తుంది. ఇనప గొలుసుల తయారీకి పేరున్న క్రాడ్లీ హీత్ అనే ఊళ్లో ఆడవాళ్లు పెరట్లోనే కొలిమి పెట్టుకుని గొలుసులు కొట్టేవాళ్లు. 1910లో కార్మిక సంఘం నాయకురాలు మేరీ మెకార్థర్ నాయకత్వంలో సమ్మె చేసి గంటకు రెండున్నర పెన్నీల కనీస కూలి దక్కించుకున్నారు. అందుకే "ఇంటి దగ్గరే చేస్తున్నారా" అన్న గడిని వదలకండి.

వర్గం విషయంలో ఇంకో తిరకాసుంది. స్టీవెన్‌సన్ అనే అధికారి ఆ సెన్సస్‌కి వృత్తిని బట్టి ఎనిమిది సామాజిక వర్గాలు తయారుచేశాడు, అందులో భార్య వర్గమేదో భర్త వృత్తే చెబుతుంది. తల్లి నేతపని, కూతురు టీచర్ అయిన ఇల్లు దొరికితే ఆ లెక్క పక్కనపెట్టి ఇద్దరినీ విడిగా రాసుకోండి. టీచర్లని పెళ్లవగానే మాన్పించేసిన చోట్లు చాలా ఉన్నాయి, అదీ గుర్తుంచుకోండి.

ఇంట్లో ఉండాల్సిన ఆడమనిషి పేరే లేదా? లెక్క తీసిన ఏప్రిల్ 2 రాత్రి ఆడవాళ్ల ఓటుహక్కు ఉద్యమంవాళ్లు సెన్సస్‌ని బహిష్కరించారు. వాళ్లలో ఒకరైన ఎమిలీ వైల్డింగ్ డేవిసన్ అయితే ఏకంగా పార్లమెంటు భవనంలో దాక్కుంది, అయినా లెక్కలోకి ఎక్కించేశారు!

ఆ తర్వాత 1921 ఫారం చూడండి, అందులో పనిచ్చినవాళ్ల పేరు కూడా రాయించారు. ఇంగ్లండ్, వేల్స్‌ల 1931 ఫారాల కోసం టైం వేస్ట్ చేసుకోకండి, అవి 1942లో తగలబడిపోయాయి.