ఓంకార సాధన – మూడో పాఠం: ఎంతసేపు అనాలి?

మొదటి పాఠంలో కూర్చునే తీరు చూశాం, రెండో పాఠంలో ఊపిరిని పొట్ట దాకా దించడం నేర్చుకున్నాం. ఆ రెండూ కుదిరాకే ఈ పాఠంలోకి రండి. కూర్చోగానే కాళ్లు తిమ్మిరెక్కుతుంటే, నడుము వాలిపోతుంటే, ఇంకో వారం అక్కడే ఉండండి. తొందరేం లేదు.

ఓంకారం మొదలుపెట్టిన ప్రతి ఒక్కరూ ముందు అడిగేది ఒకటే: ఎంతసేపు లాగాలి? పొద్దున్నే వరంగల్ భద్రకాళి చెరువు కట్ట మీద నలుగురు కలిసి కూర్చుని ఓంకారం చేస్తుంటారు. ఒకరు ఆపినా పక్కన ఉన్నాయన ఆపడు. గడ్డం ముందుకొస్తుంది, మెడ నరాలు ఉబ్బుతాయి, గొంతు వణుకుతుంది. చివరికి నోరు తెరిచి ఒక్క గుక్కలో గాలి మింగుతాడు. ఆ ఆయాసంలోనే రెండో ఓంకారం మొదలవుతుంది. "దమ్ము నిలుస్తలేదు సార్, ఎన్ని రోజులు పడతది?" అని అడుగుతారు. దమ్ము నిలపాల్సిన అవసరమే లేదు. ఊపిరి ఇంకా కొంచెం మిగిలి ఉండగానే శబ్దం ఆపాలి. ఈ పాఠమంతా ఆ ఒక్క మాట కోసమే.

ముందు కొలత సంగతి. మన పెద్దలు ధ్వనిని మాత్రల్లో కొలిచారు. రెప్పపాటు కాలం ఒక మాత్ర. 'అ' ఒక మాత్ర, 'ఆ' రెండు, మూడు మాత్రల దాకా సాగితే ప్లుతం, అచ్చు లేని హల్లుకు అర మాత్ర. ఉచ్చారణ నేర్పే పాత గ్రంథం పాణినీయ శిక్షలో దీనికి భలే గుర్తులు చెప్పారు. పాలపిట్ట పలికేది ఒక మాత్ర, కాకిది రెండు, నెమలిది మూడు, ముంగిసది అర మాత్ర. దసరా నాడు జమ్మి చెట్టు దగ్గరికి పోయి పాలపిట్టను చూసి రావడం మనకు ఆనవాయితీ, ఇప్పుడది మన తెలంగాణ రాష్ట్ర పక్షి కూడా. ఈసారి కనబడితే దండం పెట్టి వచ్చేయకుండా కాసేపు నిలబడి దాని అరుపు వినండి. పొడిగా, తుంచేసినట్టు ఉంటుంది. తర్వాత కాకిని వినండి. ఊరి బయట చేన్ల వైపు నెమలి కూస్తే అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో గమనించండి. ఈ మూడూ విన్న చెవికి కొలత దానంతటదే పట్టుబడుతుంది. ఫోన్‌లో టైమర్ పెట్టుకుని ఓంకారం చేసేవాళ్లకు నేను చెప్పేది ఇదే: ముందు చెవిని తయారు చేసుకోండి.

మంత్రారంభంలో వచ్చే ఓంకారంలో 'ఓ' ప్లుతమని పాణిని సూత్రం ఉంది. ఆర్య సమాజం జెండాల మీద 'ఓ3మ్' అని నడుమ మూడు అంకె రాసేది అందుకే. 1938-39లో నిజాం మీద ఆర్య సమాజం సత్యాగ్రహం నడిపిన ప్రాంతం మనది. ఆ జెండాలు చూసిన పాత తరానికి ఆ అంకె బాగా తెలుసు.

అయితే వేదపఠనంలో కొలత వేరు, ఊపిరి సాధనలో కొలత వేరు. అక్కడ సాగేది 'ఓ'. ఇక్కడ మనం సాగనిచ్చేది 'మ్'. నోరు తెరిచి 'ఓ' అన్నప్పుడు గాలి తొందరగా ఖర్చయిపోతుంది. పెదవులు మూశాక అది ముక్కు దారిలోనే పోవాలి కాబట్టి నిదానిస్తుంది. నమ్మకం కుదరకపోతే 'మ్' అంటూ రెండు వేళ్లతో ముక్కు మూసి చూడండి. శబ్దం క్షణంలో ఆగిపోతుంది. మకారం మొత్తం ముక్కులోనే నడుస్తున్నదని అప్పుడు తెలుస్తుంది.

ఈ మకారం దగ్గరే చాలామందికి తేడా వస్తుంది. పెదవులు తాకాలి, బిగుసుకోకూడదు. లోపల పళ్ల మధ్య సన్నని సందు ఉండాలి. నాలుక కింద పడుకుని ఉండాలి. నాలుక కొస పైకి లేచి పళ్ల వెనక తగిలితే అది 'ఓన్' అవుతుంది. నాలుక మొదలు పైకి లేస్తే 'ఓంగ్' అయి మోత గొంతు దగ్గరే ఉండిపోతుంది. సరిగా పడిందో లేదో చెప్పేవి పెదవులే. అవి సన్నగా జిలజిలమంటాయి. చూపుడు వేళ్లు ముక్కుకు రెండు పక్కలా ఆనించి చూడండి, అక్కడా ఆ అదురు తగలాలి. తగలకపోతే గొంతు పెంచకండి, దవడ వదులు చేయండి.

ఈ అదురుకు శరీరంలో ఒక పని ఉంది. ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే గాలి గదుల్లో (సైనస్‌లలో) నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు తయారవుతుంది. మామూలుగా ఊపిరి వదిలినప్పటికన్నా గుంజనం చేస్తూ, అంటే నోరు మూసి 'మ్' అంటూ వదిలితే అది ముక్కులోంచి దాదాపు 15 రెట్లు ఎక్కువగా బయటికి వస్తుందని స్వీడన్ పరిశోధకులు 2002లో చూపించారు. ఆ గదుల్లో గాలి బాగా మారుతున్నదని దాని అర్థం. అంతవరకే. ఓంకారంతో సైనస్ నయమవుతుందని, మందులు మానేయవచ్చని చెప్పేవాళ్ల మాట వినకండి.

ఇప్పుడు సాధన. ముక్కుతో మూడు అంకెలు లెక్కపెట్టేంతసేపు పీల్చండి. 'ఓ' రెండు అంకెలు, 'మ్' నాలుగు అంకెలు. అక్కడ శబ్దం ఆపేసి, మిగిలిన కాస్త గాలిని చప్పుడు లేకుండా ముక్కుతో పోనివ్వండి. అంకెకు ఒక సెకను చొప్పున చూస్తే నిమిషానికి ఇంచుమించు ఆరు ఊపిరులు అవుతాయి. జపం, ప్రార్థన చేసేవాళ్ల ఊపిరిని కొలిచి 2001లో ఇటలీ పరిశోధకులు ప్రచురించిన లెక్క కూడా ఆరు దగ్గరే తేలింది. గుండె లయ, ఊపిరి లయ బాగా కలిసేది ఆ వేగంలోనే అని వాళ్లు గమనించారు.

మీ కొలత మీకు సరిపోయిందా లేదా అన్నది తర్వాతి ఊపిరి చెబుతుంది. అది నోరు తెరవకుండా, చప్పుడు లేకుండా లోపలికి వస్తే సరిపోయినట్టు. గుక్క పట్టాల్సి వస్తే మకారంలో ఒక అంకె తగ్గించండి. పక్కవాళ్ల అంకెలు మీకు పనికిరావు, శ్రుతి కూడా అంతే. మీరు మామూలుగా మాట్లాడే గొంతుకన్నా కాస్త కింద పట్టుకోండి. ఆ గదిలో ఉన్నవాళ్లకు వినపడితే చాలు.

ఊపిరి మిగల్చమని ఇంతగా పట్టుబట్టడానికి అసలు కారణం ఇది. మాండూక్యోపనిషత్తులో ఉన్నవి 12 మంత్రాలే. అందులో ఓంకారాన్ని అ, ఉ, మ్ అని విడదీసి, అకారం జాగ్రత్తు (మెలకువ), ఉకారం స్వప్నం (కల), మకారం సుషుప్తి (గాఢనిద్ర) అన్నారు. నాలుగోదానికి అక్షరం లేదు, మాత్ర లేదు. దాన్ని అమాత్రం అన్నారు. సాధనలో మనకు అందేంతలో దాని చోటు శబ్దం ఆగాక వచ్చే నిశ్శబ్దం. గాలి అయిపోయేదాకా లాగినవాడికి ఆ చోటే ఉండదు, గాలి కోసం పెనుగులాటే అక్కడ నిండిపోతుంది. ఓంకారాన్ని పొడుగు చేసే కొద్దీ దాని నాలుగో పాదం చేజారిపోతుంది. అందుకే దమ్ము పోటీలు చూస్తే నాకు బాధ కలుగుతుంది.

ఈ వారం పొద్దున, సాయంత్రం తొమ్మిదేసి ఓంకారాలు చేయండి, ఒక్కోదాని తర్వాత ఒక మామూలు ఊపిరి తీసుకోండి. తిన్న వెంటనే వద్దు. జలుబుతో ముక్కు పట్టేసి ఉంటే మకారాన్ని బలవంతం చేయకండి, ఆ రోజుకు రెండో పాఠంలోని ఊపిరి చాలు. బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు ఎక్కడా ఊపిరి బిగపట్టకూడదు. తల తిరిగినట్టు అనిపిస్తే ఆపేసి మామూలుగా కూర్చోండి.

యోగసూత్రాల్లో పతంజలి ఓంకార జపంతో పాటు దాని అర్థాన్ని భావించమన్నాడు. ఓ, మ్ అంటున్నప్పుడు మనసును ఎక్కడ ఉంచాలో నాలుగో పాఠంలో చూద్దాం. అప్పటిదాకా అర్థం జోలికి పోకండి, పెదవుల మీది అదురును, అది ఆగిపోయే చోటును గమనిస్తూ ఉండండి.